పాత మిద్దె మేడను మనమే బాగుచేసికొనుట



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని పెద్దలు చెప్పియున్నారు. పాతయింటి పైయంతస్తును విప్పి మరల నిలుపుట యా రెంటికిని తీసిపోని పని యని మా యనుభవము. తాతల నాటి మిద్దె కురియుచున్నదనియో, కుమారునకు పెండ్లియై గది చాలదనియో మనలో పెక్కుమంది మేడను మార్చ దలచుచుందురు. కొందరు దానిని కూలద్రోసి సిమెంటు కప్పు వేయుటకై భూమి తాకట్టు పెట్టుచున్నారు. కొందరు తొందరపడి గోడ తీసి ప్రాణములమీదికి తెచ్చుకొనుచున్నారు. ఈ రెండును లేక, పంట నూర్చిన పిమ్మట దొరకు తీరికలో ఇంటివారే చేసికొనదగిన పని యెంత, చేయరాని పని యెంత యను సంగతి యిచ్చట వివరింతుము.

మొదట మా తప్పును చెప్పుట న్యాయము. మా తాతగారు కట్టించిన యిల్లు దంతెల మిద్దె. క్రింద కొట్టు, నడిమిల్లు. పైన ఒక మేడగది. నడిమిల్లు విశాలము చేయవలెనని, కొట్టునకును దానికిని నడుమ నున్న గోడను మేమును మా తమ్ముడును తీయ నారంభించితిమి. అది వట్టి తెరగోడ యనుకొంటిమి. పై నాలుగు వరుసలు తీయునప్పటికి దూలము కిర్రుమన్నది. దారము లాగి చూడగా నడుమ రెండు వ్రేళ్ల మేర క్రుంగియున్నది. బండి నొగలను, పందిరి గుంజలను తెచ్చి పోట్లు పెట్టి, మేడమీది వేరుసెనగ బస్తాలను చీకటి పడకముందే దింపితిమి. ఆ రాత్రి యింటివారెవ్వరును లోపల పరుండలేదు. గోడను మరల కట్టిన తరువాతనే మాకు బుద్ధి వచ్చినది. దూలము కొనలు రెండు గోడలమీద నున్నను, ఏండ్లు గడచి క్రుంగిన పిమ్మట నడిమి గోడయే దానిని మోయుచుండెను. కావున మేడను మార్చువారు మొదట తెలిసికొనవలసినది అందము కాదు, బరువు.

1. బరువు లెక్క

రాయలసీమలోను, తెలంగాణములోను దంతెల మిద్దెల వైఖరి మీరెరిగినదే. దూలములమీద దంతెలు, వానిపై కట్టెలు గాని బండలు గాని, ఆపైన మన్ను. కురిసినప్పుడెల్ల మరికొంత చౌడుమన్ను పోయుట వాడుక. పాతమన్ను తీయువారు లేరు. చదరపు మీటరు మేర అంగుళము మందము మన్ను సుమారు 40 కిలోలు తూగును. ఒక యడుగు మందమైనచో 500 కిలోలు. పదియడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవు గల గదిపై నిది అయిదున్నర టన్నులగును. వానకు నానినచో నింకను పెరుగును. ముసురు పట్టిన రాత్రులందు మిద్దెలు కూలుటకు ముఖ్య కారణ మిదియే. కురియుచున్నదని మన్ను పోసినవారే దూలమునకు బరువు పెంచినవారగుచున్నారు.

ఇక ధాన్యము సంగతి. మనుష్యులు కాపురముండు గది నేలను చదరపు మీటరునకు సుమారు 200 కిలోల బరువునకు లెక్కవేయుట నేటి పద్ధతి. వడ్లను ఒక మీటరు ఎత్తున రాశి పోసినచో 550 నుండి 600 కిలోల వరకు నగును. అనగా కాపురమునకు తగిన మేడ కొట్టుగా పనికిరాదు. పెండ్లికొడుకునకు గది కావలెనన్న వడ్లు క్రిందికి రావలయును. మేడపై వేయి లీటర్ల నీటితొట్టి పెట్టుట యొక టన్ను పెట్టుటయే. దానిని గది నడుమ గాక, రెండు గోడలు కలియు మూలమీద నుంచవలయును. నాలుగున్నర అంగుళముల ఇటుక గోడ పదియడుగుల ఎత్తున కట్టినచో మీటరు పొడవునకు 600 కిలోలకు మించును. కావున దూలము నడుమ ఇటుక అడ్డుగోడ కట్టరాదు. పైగోడ క్రిందిగోడ మీదనే రావలయును. గదిని విభజింపవలెనన్న పలకలతో గాని, వెదురు తడికతో గాని చేసికొనుట మేలు.

2. పరీక్ష

పని మొదలుపెట్టకముందు ఒక దినము పరీక్షకే కేటాయింపుడు. దూలము క్రింద కొననుండి కొనకు దారము బిగించి, నడుమ నెంత క్రుంగినదో కొలిచి గోడమీద వ్రాసియుంచుడు. నెల గడచిన పిమ్మట మరల కొలువుడు. పెరుగుచున్నచో అది బ్రదికియున్న రోగము. సన్నని ఉలితో దూలమును పొడిచి చూడుడు. మంచి టేకు ఉలిని ఆపును. చెద తిన్నది దిగనిచ్చును. సుత్తితో తట్టగా గుల్లమ్రోత వచ్చుచోటును గుర్తింపుడు. ముఖ్యముగా గోడలో దూరిన కొనలను చూడుడు. నడుమ నునుపుగా నున్న దూలము కొనలయందు పిండియై యుండుట కలదు. గోడలోని చెమ్మ అచ్చటనే నిలుచును. గోడపై మట్టి దారులు కనబడినచో చెదలు నేలనుండి పైకి నడచుచున్నవని తెలిసికొనుడు. దారిని దులిపిన మాత్రమున చాలదు. అది బయలుదేరిన చోటును వెదకి అణపవలయును.

3. పని వరుస

మొదట మేడను ఖాళీ చేయుడు. రెండవది పోట్లు. పోటును నడుమ పెట్టినచో దూలమును వంచు శక్తి నాల్గవ వంతునకు తగ్గును. కాని మోయు బరువులో సగమునకు పైగా ఆ పోటుమీదనే పడును. కావున పోటు క్రింద వట్టినేల చాలదు. గట్టి బండయో, మందపు పలకయో పరువవలయును. చీలలను మెల్లగా బిగించి, పోటు దూలమును తాకి గట్టిగా నిలుచునట్లు చేయుడు. ఏండ్ల తరబడి క్రుంగిన దూలమును ఒక్కదినమున ఎత్తబోయినచో నది చీలును.

మూడవది పాతమన్ను తీయుట. రెండు ప్రక్కల నుండి సమముగా, పొరపొరగా తీయుడు. తీసిన మన్నును మిద్దెమీదనే ఒకచోట కుప్పవేయక వెంటనే దింపుడు. ఒకేచోట పదిమంది గుమికూడరాదు. పిట్టగోడ లేని చోట నడుమునకు త్రాడు కట్టుకొని పని చేయుడు. క్రింది గదిలో పిల్లలను, పశువులను ఉండనీయకుడు.

నాల్గవది కొయ్యపని. కుళ్లిన కొనను కోసివేసి, గోడనుండి ముందుకు వచ్చునట్లు రాతి మదురు నిలిపి, దానిపై మంచి భాగమును కూర్చుండబెట్టవచ్చును. క్రొత్త దూలము వేయవలసినచో దానిని నిలువుగా వేయుడు. నాలుగంగుళముల వెడల్పు, ఎనిమిదంగుళముల లోతు గల దూలము పండుకొనబెట్టిన దానికంటె నిలువబెట్టినప్పుడు రెట్టింపు బరువు మోయును. కొయ్య అదియే, ఖర్చు అదియే. పెట్టు తీరులోనే లాభము. కొన చుట్టు సిమెంటు దట్టింపక గాలి యాడుటకు వ్రేలెడు సందు విడువుడు.

4. కప్పు

మన్ను తీసినచోట మూడంగుళముల జల్లిసున్నపు గచ్చు వేసికొనవచ్చును. చదరపు మీటరునకు సుమారు 150 కిలోలు మాత్రమే యగును. అడుగు మన్నులో మూడవ వంతు. చెన్నపట్టణమున పాత భవనములకు మద్రాసు టెర్రసు అనబడు కప్పును ఇట్టి గచ్చుతోనే వేసియున్నారు. ఇటుక జల్లిని, సున్నమును కలిపి పరచి, కరక్కాయ నీటిని బెల్లపు నీటిని చిలుకుచు కొయ్య దిమ్మిసలతో కొన్ని దినములు కొట్టవలయును. ఈ పని యోపిక కలవారిది, ఇంటివారందరును చేయదగినది. నీరు నిలువక తూమునకు పారునట్లు పదియడుగులకు రెండంగుళముల వాలు ఉంచుడు. తరువాత పది దినములు తడిగడ్డి కప్పి యుంచుడు. పైన తెల్లసున్నము పూసినచో ఎండను త్రిప్పికొట్టి గదిని చల్లగా నుంచును.

సున్నమును విరియించునప్పుడు జాగ్రత్త. సున్నపురాళ్లను నీటిలో కొంచెము కొంచెముగా వేయవలయును గాని రాళ్లపై నీరు కుమ్మరింపరాదు. అది మరిగి పైకి చిమ్మును. కంటిలో పడినచో చూపు పోవచ్చును. వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని కడకు పోవలయును.

మట్టిగోడలకు సిమెంటు పూత గట్టిదని భ్రమపడకుడు. గోడలోని చెమ్మను అది బయటికి పోనీయదు. లోపల మన్ను మెత్తబడి పూత పలకలుగా ఊడును. మట్టిగోడకు మట్టిపూతయో, సున్నపు పూతయో తగినది.

5. మనము చేయరానివి

మన్ను దింపుట, గచ్చు కొట్టుట, పూతలు పూయుట, పలకల అడ్డుగోడలు నిలుపుట మన పనులు. దూలము మార్చుట అనుభవము గల వడ్రంగి యెదుటనే చేయవలయును. దూలము కొన ఆనియున్న గోడను గాని, దాని నడుమ తాకుచున్న గోడను గాని తీయుటకు, అందులో క్రొత్త వాకిలి పెట్టుటకు ఇంజనీరు మాట తీసికొనుడు. పాత మట్టిగోడలమీద సిమెంటు కప్పు వేయ దలచినవారును అట్లే అడుగవలయును. అయిదంగుళముల కాంక్రీటు పలక చదరపు మీటరునకు 300 కిలోలకు పైబడును. విద్యుత్తు తీగలు దానిని నేర్చినవానికే విడువుడు.

సంక్రాంతి పిమ్మట పని మొదలుపెట్టినచో రోహిణి కార్తెకు ముందే ముగింపవచ్చును. కప్పు విప్పిన యింటిపై మృగశిర వాన పడనీయకుడు. ఇంత పనికి తీరిక లేనివారు ఈ యేడు ఒక్కటి చేయుడు: మిద్దెపై ఒక మూల త్రవ్వి మన్ను ఎన్ని యంగుళములున్నదో కొలువుడు. తొమ్మిది దాటినచో క్రొత్తమన్ను పోయకుడు, పాతది దింపుడు. పారయు తట్టయు తప్ప దానికి వేరు పెట్టుబడి యక్కరలేదు. ఆ గది క్రింద పరుండువారు మన బిడ్డలే.