పట్టా మీది బీట

సింగరాయకొండ స్టేషన్లో నిలబడి ఒకసారి పట్టా వంక చూడండి పిల్లలూ. పక్కలంతా తుప్పు రంగు, నెత్తి మాత్రం తళతళ. చక్రం ఒరుసుకుపోయే ఆ తళతళలాడే చోటే జబ్బులన్నీ మొదలవుతాయి.

మన ఊరి మీదుగా చెన్నై–విజయవాడ లైన్లో పోయే గూడ్సు వ్యాగన్లో ఒక్కో చక్రం మీద పదకొండు టన్నుల దాకా బరువుంటుంది. అంత బరువూ పట్టాను తాకేది సుమారు ఒక చదరపు సెంటీమీటరు మేర. రాత్రింబవళ్లు అదే చోట నొక్కుడు పడితే ఉక్కయినా అలిసిపోతుంది. లోపలి అంచున వెంట్రుకవాసి బీటలు వస్తాయి. నెత్తి మీద నల్లమచ్చలా చిన్న గుంట పడితే దాన్ని స్క్వాట్ అంటారు. చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగితే ఉక్కు కాలి మచ్చ పడుతుంది.

బీట మొదట పైపైన ఏటవాలుగా పాకుతుంది. అందులో వాన నీరు చేరితే, చక్రం నొక్కినప్పుడల్లా ఇంకాస్త విచ్చుకుంటుంది. ఏదో ఒకటి నిలువునా కిందికి తిరిగితే ముప్పే. చలికి పట్టా ముడుచుకోబోతుంది. పొడవునా వెల్డింగ్ చేసింది కాబట్టి ముడుచుకోలేక లోలోపల లాగుడు పుడుతుంది. ఆ లాగుడుకు బీట దగ్గర పట్టా పుటుక్కున తెగుతుంది. పట్టాలు విరగడం చలి రోజుల్లోనే ఎక్కువ.

రోజూ పట్టాల వెంట నడిచే కీమాన్ పైమచ్చ పట్టుకోగలడు. లోతు చూడ్డానికి అల్ట్రాసోనిక్ ట్రాలీ కావాలి. నీళ్లు చిలకరిస్తూ దాన్ని తోసుకుపోతారు. బావిలోకి కేకేస్తే మాట తిరిగొచ్చినట్టు, మన చెవికందని శబ్దం ఉక్కులోకి దిగి, బీట తగిలితే వెనక్కొస్తుంది. నిలువుగా ఒకటి, 70 డిగ్రీల వాలుగా ఇంకొకటి పంపుతారు.

అయితే ఒక చిక్కుంది. నెత్తి మీద పొర లేచిన చోట శబ్దం అక్కడే ఆగిపోతుంది, కింద ఏముందో చెప్పదు. అలాంటి చోట కబురు రాలేదంటే పట్టా బాగుందని కాదు, అనుమానం పెంచుకోవాలని.

కనిపెట్టడం సగం పనే, తూకం వేయడం మిగతా సగం. పైపై బీటల్ని సానబట్టే యంత్రంతో గీకేస్తారు. కనిపెట్టి ఉండాల్సిన చోట ఎర్రరంగుతో ఒక ఇంటూ గుర్తు, వెంటనే తీసేయాల్సిన చోట మూడు. మూడు పడితే పట్టా మార్చేదాకా బండి వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు. 2000లో ఇంగ్లండులోని హ్యాట్‌ఫీల్డ్ దగ్గర బీటల సంగతి ముందే తెలుసు. మార్చడం ఆలస్యమై పట్టా ముక్కలైంది, నలుగురు చనిపోయారు.

మీరు మాత్రం చూద్దామని పట్టాల మీదికి వెళ్లకండి. గేటు దగ్గరో ప్లాట్‌ఫాం మీదో విరిగిన పట్టా కంటపడితే వెంటనే గేట్‌మాన్‌కో స్టేషన్ మాస్టరుకో చెప్పండి. మార్చడానికి వాళ్లకు వేళ చిక్కాలంటే కబురు బండి కన్నా ముందు చేరాలి.