పిల్లల ఒంటిమీద దెబ్బలు... చీటీలో ఏం రాశారు?

"ఎట్ల తాకింది?" అని డాక్టరు అడుగుతారు. "ఆడుకుంట పడ్డడు సారూ" అని మన జవాబు. మా చెన్నూరులాంటి ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే కాబట్టి ఆ ప్రశ్న సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. కమిలిన మచ్చ పది పదిహేను రోజుల్లో పోతుంది, దాంతోపాటే సాక్ష్యమూ పోతుంది.

పిల్లలన్నాక పడతారు, నిజమే. కానీ ఆటల్లో దెబ్బలు ఎక్కువగా మోకాళ్లకో, నుదుటికో తగులుతాయి. చెవులు, మెడ, వీపు, పిరుదులు కమిలినా, పాకడం రాని పసిబిడ్డ ఒంటిమీద మచ్చలున్నా, బెల్టు వాత తేలినా అనుమానించాల్సిందే. అమెరికాలో డాక్టర్ హెన్రీ కెంప్ బృందం 1962లో ఈ విషయం రాసినప్పుడు, కన్నవాళ్లే కొడతారని నమ్మడానికి చాలామంది వైద్యులకే మనసొప్పలేదు.

మరి ఆస్పత్రి కాగితంలో ఏముండాలి? బిడ్డను ఎవరు, ఎప్పుడు తెచ్చారు, ఎలా తగిలిందన్నారు, ఒక్కో దెబ్బ ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, ఏ ఆకారం... ఇవన్నీ ఉండాలి. మనిషి బొమ్మ గీసి గుర్తులు పెట్టాలి. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీస్తే మరీ మంచిది. బిడ్డను విడిగా అడిగి, చెప్పింది బిడ్డ మాటల్లోనే రాయాలి. "ఒంటిపై గాయాలు" అని ఒక్క ముక్క రాస్తే రేపు కోర్టులో నిలవడం కష్టం. మచ్చ రంగు చూసి అది ఏనాటిదో కచ్చితంగా చెప్పలేరు. కొట్టిందెవరో తేల్చడమూ డాక్టరు పని కాదు. చూసింది చూసినట్టు రాసి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తే చాలు.

లైంగిక వేధింపు అనుమానముంటే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం డాక్టరుకే కాదు, మనకూ తప్పనిసరి. ఆడపిల్లను మహిళా డాక్టరే చూడాలి. అమ్మో నాన్నో, లేదా పిల్ల నమ్మే మనిషో పక్కనుండాలి. పోలీసు కాగితం తెస్తేనే అత్యవసర వైద్యం చేస్తామనడానికి 2020 నిబంధనలు ఒప్పుకోవు. పెంచేవాళ్లే హింసించినా 2015 బాలల న్యాయ చట్టం కింద నేరమే.

"ఇంటి గుట్టు రట్టవుతుంది, ఆయన ఊరుకోడు" అనే తల్లి భయం నాకు తెలుసు. అందుకే అక్కచెల్లెళ్లకు నా మాట ఇది: ఆ రోజే బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లండి. రికార్డు నకలు అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్యమండలి నియమాలున్నాయి. చీటీ చింపకుండా పుట్టింట్లోనో, నమ్మకమైన వాళ్ల దగ్గరో దాచండి. పక్కింటి బిడ్డ విషయమైనా సరే 1098కి ఫోన్ చేయండి. పగలైనా, రాత్రయినా ఆ ఫోనుకు డబ్బులు పడవు.