అటక మీది రౌటర్‌కు మళ్లీ పని

ఇంటర్నెట్ ప్లాన్ల మీద ముఖచిత్ర కథనం కావాలని, అదీ శుక్రవారంలోగా ఇవ్వాలని ఎడిటర్ పురమాయించారు. తీరా తార్నాక వెళ్లి చూస్తే అసలు సంగతి ప్లాన్లలో లేదు. ఓ పాత రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్‌లో ఉంది.

ఉస్మానియా క్యాంపస్ చుట్టూ తార్నాక, సీతాఫల్‌మండి, మాణికేశ్వరీనగర్‌లలో చాలా ఇళ్లది ఒకటే తీరు. ఓనర్లు కింద, అద్దెకుండే విద్యార్థులు పైన. కనెక్షన్ మాత్రం కింది హాల్లో, టీవీ పక్కన. "అంకుల్, పైన నెట్ వస్తలేదు" అని పిల్లలు అడుగుతారు. ఆయన డబ్బులు పోసి పెద్ద ప్లాన్‌కు మారతారు. 100 ఎంబీపీఎస్ కాస్తా 300 అయినంత మాత్రాన స్లాబు పలచబడదు కదా!

వైఫై తరంగానికి అసలు శత్రువు ఇల్లే. ఇనుప చువ్వల కాంక్రీటు, బీరువా, నీళ్ల ట్యాంకు, నిలువుటద్దం అన్నీ దానికి అడ్డే. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగంగా డేటా మోస్తుంది కానీ గోడ దాటేసరికి నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం కాస్త దూరం పోతుంది. క్యాంపస్‌లో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గ్రానైటు గోడలు చూడండి. వేసవిలో చల్లదనమిచ్చే ఆ మందమే తరంగాన్ని నిలేస్తుంది.

స్టిక్కర్ ఏం చెబుతుంది?

కనెక్షన్ మార్చినప్పుడల్లా ఓ రౌటర్ అటకెక్కుతుంది. పైగదిలో వైఫై పంచడానికి దాన్నే వాడుకోవచ్చు. దించి, దుమ్ము దులిపి, బోర్లించండి. స్టిక్కర్‌పై '12 వోల్టులు, 1 ఆంపియర్' లాంటి అంకెలుంటాయి. సొరుగులో దొరికిన ఏదో ఒక అడాప్టర్ తగిలిస్తే రౌటర్ కాలిపోవచ్చు. వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు తగ్గకూడదు. పక్కనున్న గుండ్రటి గుర్తులో ప్లస్ లోపల ఉందా, బయట ఉందా అన్నదీ అడాప్టర్‌తో సరిపోవాలి.

స్టిక్కర్‌పై 192.168.0.1 లాంటి అడ్రస్ కూడా ఉంటుంది. సన్నటి పిన్నుతో రీసెట్ బటన్‌ను పది సెకన్లు నొక్కి, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో దీని ల్యాన్ పోర్టుకు కలిపి, బ్రౌజర్‌లో ఆ అంకెలు కొడితే సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ సాధారణంగా స్టిక్కర్‌పైనే ఉంటాయి. పాత వాటిలో చాలావరకు రెండూ 'అడ్మిన్' అనే ఉంటాయి. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి.

రౌటర్‌ను కేవలం వైఫై పంచేదిగా మార్చే 'యాక్సెస్ పాయింట్ మోడ్' కనిపిస్తే అది ఎంచుకుంటే చాలు. లేదంటే డీహెచ్‌సీపీని ఆపేయాలి. ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు ఐపీ నంబర్లు పంచే పని అది. తార్నాకలో వీధులకు నంబర్లే పేర్లు. ఒకే వీధిలో ఇద్దరు ఎవరికి వారే ఇంటి నంబర్లు వేస్తూ పోతే ఉత్తరం ఎవరికి చేరుతుంది? అందుకే ఆ పని కొత్త రౌటర్‌కే వదిలేయాలి. దాని అడ్రస్ 192.168.1.1 అయితే, పాతదానికి అది పంచే పరిధిలో లేని మరో నంబరు, ఉదాహరణకు 192.168.1.250, ఇవ్వాలి.

రెండు రౌటర్లకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టండి. మెట్లెక్కుతుంటే ఫోను సాధారణంగా తనంతట తానే మారుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్లు మాత్రం వేరుగా ఉండాలి. 1, 6, 11 ఒకదానిపై ఒకటి పడవు. చివరగా రెండు రౌటర్ల ల్యాన్ పోర్టులను కేబుల్‌తో కలపాలి. యాక్సెస్ పాయింట్ మోడ్ లేని పాత రౌటర్‌లో, బయటి నెట్ కోసం ఉండే వ్యాన్ పోర్టు జోలికి పోవద్దు.

చరిత్ర రెండు ముక్కల్లో: 1985లో అమెరికా కొన్ని రేడియో పౌనఃపున్యాలను లైసెన్సు లేని సమాచార పరికరాలకు తెరిచింది. 1997లో వైఫైకి ఆధారమైన ప్రమాణం వచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్‌కు మన దేశంలో 2005లో లైసెన్సు బెడద తీరింది. 2018లో 5 గిగాహెర్ట్జ్‌లో మరింత చోటు దక్కింది.

కేబుల్ అంటే నాకు మక్కువ, దాచను. గోడకు సన్నటి తీగ పాకడం చాలామందికి నచ్చదు. కానీ పరీక్షలకు చదివే పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగకుండా నడిపేది అదే. పాత రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగినా ఒక గదికి అది చాలు. ఇల్లంతా వైఫై పరిచే కొత్త మెష్ సెట్టుకు డబ్బు పెట్టేముందు కొంత కేబుల్ కొని చూడండి. ఓనర్లూ, పైగదికి నీళ్లు, కరెంటు ఇచ్చినట్టే ఈ తీగా ఇవ్వండి.

తీగ లాగే వీల్లేకపోతే
పాత రౌటర్‌లో రిపీటర్ మోడ్ ఉందేమో చూడండి. సిగ్నల్ అసలే లేని మూలలో కాకుండా, ఇంకా బాగా అందే సగం దూరంలో పెట్టాలి. ఒకే రేడియోతో వినడం, మళ్లీ పంపడం కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది.

ఇవి వద్దు
డబ్ల్యూపీఏ2 భద్రత లేని రౌటర్‌ను ఈ-వ్యర్థాలకు ఇచ్చేయండి. ఉన్నా, తయారీదారు అప్‌డేట్లు ఆపేస్తే జాగ్రత్త. 2017లో డబ్ల్యూపీఏ2లోనూ 'క్రాక్' అనే లోపం బయటపడింది. బటన్ నొక్కితే వైఫై కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయండి.

కరెంటు ఖర్చు
10 వాట్లు వాడే రౌటర్ రోజంతా వెలిగితే నెలకు సుమారు 7 యూనిట్లు.

ఇల్లు కట్టేవారికి
ప్రతి గదికీ ఖాళీ పైపు ఒకటి వేయించండి. కరెంటు తీగల పైపులోనే నెట్ కేబుల్ దూర్చకండి. ఈథర్నెట్ రాగి కేబుల్ ఒక్కోటి 100 మీటర్లు దాటకూడదు.