కళాశాల హాస్యచిత్రము: పెద్దల మాట, పిన్నల మాట



2023వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన "మ్యాడ్" అను తెలుగు చలనచిత్రము విడుదలయినది. పేరు వినగానే పిచ్చి యను అర్థము తోచును గాని, అది మనోజు, అశోకు, దామోదరుడు అను మువ్వురు విద్యార్థుల పేర్లలోని ఆంగ్ల ప్రథమాక్షరములు కూర్చి పెట్టిన పేరు. నార్నె నితిన్, సంగీత్ శోభన్, రామ్ నితిన్ అనువారు ఆ మువ్వురి వేషములు ధరించిరి. కల్యాణ్ శంకర్ గారికి దర్శకత్వమున నిది తొలి ప్రయత్నము. ఒక ఇంజనీరింగు కళాశాల, దాని హాస్టలు, అందు చేరిన పిల్లల యల్లరి, స్నేహము, వలపులు. ఇంతకు మించి కథ లేదు. అయినను చిత్రము బాగుగ నడచినది. 2025 మార్చి 28వ తేదీన "మ్యాడ్ స్క్వేర్" అను పేర రెండవ భాగమును వచ్చినది.

పిల్లకాయల సినిమాను గుఱించి పెద్దలయెదుట ప్రసంగమేల యని మీరడుగవచ్చును. మన వేంపల్లె మండలమున ఇడుపులపాయయందు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమువారి విద్యాస్థానము 2008లో వెలసినది గదా. బాసర, నూజివీడులయందు వెలసినవానికి ఇది తోబుట్టువు. పదవ తరగతి ముగిసిన పల్లెబిడ్డలు, మీసకట్టయినను రాని యీడున, తలిదండ్రులను వదలి వచ్చి ఆఱేండ్లు అచ్చటి హాస్టలులో నుందురు. అట్టి బిడ్డను పంపిన తండ్రి ఇంట కూర్చుండి ఈ చిత్రమును చూచినచో, నవ్వు రాకమునుపే భయము వచ్చును. "మావాడును ఇట్లే యున్నాడా?" అను ప్రశ్న పుట్టును. సెలవులకు వచ్చిన కొడుకు అదే చిత్రమును మెచ్చుకొన్నచో ఆ భయము కోపముగా మాఱును. ఇంటింట ఈ వాదము వినవచ్చుచున్నది కనుకనే ఈ ప్రసంగము.

రచ్చకట్టమీద పెద్దలు చెప్పు మాటలివి: కథ లేదు, చదువు లేదు, మాటలు మొరటు. పిల్లలు చెప్పునది యొక్కటే: లాజిక్కు వెదకరాదు, నవ్వుకొని లేచి పోవలెను. అయితే వయసును బట్టియే అభిప్రాయములు చీలినవనుట సరికాదు. ప్రథమార్ధము నవ్వించినంతగా ద్వితీయార్ధము నవ్వింపలేదని పెదవి విఱిచిన యువకులు కలరు. మనుమలతో కూర్చుండి కడుపు పట్టుకొని నవ్విన తాతలును కలరు.

కథ లేదను ఆక్షేపణను నేనంగీకరింపను. మన పూర్వులు దశరూపకములలో ప్రహసనమును ఒకటిగా లెక్కించిరి. పల్లవరాజు మహేంద్రవర్మ సప్తమ శతాబ్దమున రచించిన మత్తవిలాస ప్రహసనమున కథ యేమున్నది? కల్లు త్రాగిన యొక కాపాలికుడు తన పుఱ్ఱెను పోగొట్టుకొని కంచి వీథులలో వెదకును. త్రోవలో కనబడిన భిక్షువుతో తగవులాడును. దానిని ఎత్తుకొనిపోయినది కుక్క యని తుదకు తేలును. ఆ పుఱ్ఱెను మఱల తెచ్చువాడు ఒక పిచ్చివాడు! రాజ్యమేలిన ప్రభువే అట్టిది వ్రాయగా లేని తప్పు నేటివారికి మాత్రమేల? ప్రహసనమునకు కథ పందిరిగుంజ వంటిది. తీగ నిలుచుటకు చాలినంత యున్న చాలును.

మాటల మొరటుతనమును గూర్చి కొంచెము విచారింపవలసియున్నది. భరతముని నాట్యశాస్త్రమున నవ్వును ఆఱు విధములుగా విభజించెను. పలువరుస కనబడక చెక్కిళ్లు మాత్రము వికసించునది స్మితము. పండ్లు కొంచెము కనబడునది హసితము. ఈ రెండును ఉత్తములవి. విహసితము, ఉపహసితము మధ్యములవి. కన్నుల నీరు కాఱ, భుజములును తలయు నదర నవ్వునది అపహసితము. చేతులతో ప్రక్కలు పట్టుకొని బిగ్గఱగా నవ్వునది అతిహసితము. ఈ కడపటి రెంటిని ముని అధములకు విధించెను. మ్యాడ్ చిత్రము కోరునది ఈ కడపటి నవ్వే. ఇక తీర్పు అయిపోయినదని మీరు తలపవచ్చును.

కాని మన చిన్ననాటి తోలుబొమ్మలాటను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. లంకాదహనమునకును లక్ష్మణమూర్ఛకును నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెఱమీదికి వచ్చి ఆడిన మాటలేవి? ఈ రేడియోలో నేను ఉచ్చరింపజాలను. ఊరి పెద్దలు, ముత్తైదువలు, పసివాండ్రు అందఱును కూర్చుండియే నవ్విరి. ఎవ్వరును లేచి పోలేదు. ఆ నవ్వు అతిహసితమే గదా! మొరటు మాట విని నవ్వుటకు మనకు అభ్యాసము లేదనుట అసత్యము.

అయితే భేదమొకటి లేకపోలేదు. కేతిగాడు గడియసేపు చిందులు త్రొక్కి పోవును. వెనుకనే రాముడు వచ్చును. హాస్యము రామాయణమున నంటుకొనియుండెను. ఈ చిత్రమున రెండు గంటలకు పైగా కేతిగాడే గాని రాముని రాక లేదు. పెద్దలకు తోచు వెలితి యిదియేయని నా యూహ. వారు దానిని "కథ లేదు" అను మాటతో చెప్పుచున్నారు. దీనికి పిల్లలు చెప్పదగిన సమాధానమును కలదు. వారికి దినమంతయు రామాయణమే: తెల్లవాఱి లేచినది మొదలు పాఠములు, పరీక్షలు, మార్కులు, కొలువు దొరకునో లేదో యను బెంగ. ఆ నడుమ రెండు గంటలు కేతిగానిని కోరుట దోషమా? వారి యాట యంతయు మనము చూడలేదు. నడిమి చిందులు మాత్రము చూచి తీర్పు చెప్పుచున్నాము.

చూచిన స్థలమును బట్టియు అభిప్రాయము మాఱును. 2021 మార్చి 11న అనుదీప్ గారి "జాతిరత్నాలు" విడుదలయినది. జోగిపేటనుండి పట్టణమునకు పోయిన మువ్వురు పనిలేని యువకుల కథ యది. మహమ్మారి భయమున నెలలకొలది తలుపులు మూసికొని కూర్చున్న జనము థియేటరులో నొకరిని చూచి యొకరు నవ్విరి. పిమ్మట ఇంట, చేతిలోని ఫోనులో నొంటరిగా చూచినవారిలో పలువురు "ఇందులో ఏమున్నది?" అని యాశ్చర్యపడిరి. నవ్వు అంటువ్యాధి వంటిది, ఒంటరివానికి అంటదు.

ఇంతవఱకు పిల్లల పక్షమున మాటాడితిని. ఒక్క విషయమున మాత్రము పెద్దల పక్షమే నాది. మ్యాడ్ చిత్రారంభమున ర్యాగింగునకు జడిసి హాస్టలు విడిచి పోవదలచిన క్రొత్త విద్యార్థి నాపి, లడ్డు అను పాత్ర ఈ మువ్వురి కథను చెప్పును. మొదట నేడిపించినవారే తరువాత స్నేహితులగుదురని చిత్రము నచ్చజెప్పజూచును. 2007లో వచ్చిన శేఖర్ కమ్ముల గారి "హ్యాపీ డేస్" నందును సీనియర్ల యల్లరి కలదు. మువ్వురు మిత్రులు ఒకరి నొకరు వెక్కిరించుకొనుట, ఒకడు ముఖమైనను చూడక లేఖలవలన నెఱిగిన కన్యకై వేగిపోవుట, ఇవి నవ్వదగినవే. అచ్చట నవ్వబడువాడు తిరిగి నవ్వగలడు. ర్యాగింగున అట్లు కాదు. పల్లెనుండి యొక ఇనుప పెట్టెతో వచ్చి, పట్టుమని పదిమందినైన నెఱుగని బాలుడు తిరిగి నవ్వుటకు స్వతంత్రుడు కాడు. నలువది మంది నవ్వుచుండగా అతడొక్కడు నిలువబడియుండును. ముప్పదేండ్లకు పైగా బడిలో పిల్లలను చూచినవాడను. అట్టి మొగము నేనెఱుగుదును.

మన రాష్ట్రమున 1997లోనే ర్యాగింగు నిషేధ చట్టము పుట్టినది. హేళన చేసి అవమానించుటకే ఆఱు మాసములవఱకు కారాగారమో, వేయి రూపాయలవఱకు జరిమానాయో, లేక రెండునో విధింపవచ్చును. కొట్టినను, నిర్బంధించినను శిక్ష పెరుగును. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమును కఠిన నియమములు చేసినది. తెఱమీది ఈ ఘట్టములకు నవ్వి పెరిగిన బాలుడు తన హాస్టలులో అదే జరుగుచుండగా, ఇది వేడుక గాబోలునని ఓర్చుకొనునేమో యని నా బెంగ.

కావున చిత్రము చూడవద్దని పిల్లలను గద్దింపకుడు. సెలవులలో బిడ్డ యింటికి వచ్చినప్పుడు ప్రక్కన కూర్చుండి తానుగూడ చూచుట తండ్రికి మంచిది. నవ్వు వచ్చినచోట నవ్వవచ్చును. ఆ క్రొత్త విద్యార్థి కనబడినప్పుడు మాత్రము, "మీ హాస్టలులో ఇట్లున్నదా?" అని మెల్లగా నడుగవలెను. ఉపన్యాసమునకు బదులు పలుకని బిడ్డ ఈ ప్రశ్నకు బదులు పలుకవచ్చును. ఉన్నదని చెప్పినచో కళాశాలాధికారులకు తెలుపవచ్చును. 1800-180-5522 అను ఉచిత సంఖ్యకును ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. కాగితము, కలము దగ్గఱ నున్నవారు వ్రాసికొనుటకై ఆ సంఖ్యను మఱల చెప్పుచున్నాను: 1800-180-5522.