చలికాలంలో పెరటి కోళ్లు

గుండుగొలను కొల్లేటికి దగ్గర ఊరు. ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారుజామున పొలాల మీద మంచు కమ్ముకుంటుంది. మనుషులు దుప్పటి కప్పుకుంటారు. మరి పెరట్లో కోళ్ల సంగతి?

చాలా ఇళ్లలో కోళ్లు ఆడవాళ్ల సొత్తు. గుడ్లమ్మిన డబ్బులు పిల్లల పుస్తకాలకీ, చేతి ఖర్చులకీ వస్తాయి. తెగులు తగిలిందంటే గంపెడు కోళ్లూ పోతాయి. డబ్బులూ పోతాయి.

పెద్ద కోడికి ఈకలే దుప్పటి. అది తడవకుండా ఉంటే చలికి బెదరదు. పిల్లలకు ఒంటి మీద నూగే ఉంటుంది. ఈకలు వచ్చేదాకా వెచ్చగా ఉంచాలి. గంప కింద పొడి ఊక నాలుగు వేళ్ల మందాన పొయ్యాలి. తడిసిన ఊక ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. లేకపోతే పిల్లలకు రక్త విరేచనాలు పట్టుకుంటాయి. రాత్రి గంప మీద గోనెసంచి కప్పాలి. గాలి ఆడడానికి కొంచెం సందు వదలాలి. చలిగా ఉందని మూసిన గదిలో కుంపటి పెట్టకూడదు. బొగ్గుల నుంచి వచ్చే గాలి విషం. అది కోళ్లనే కాదు, మనుషుల్నీ చంపుతుంది.

చలి కన్నా పెద్ద శత్రువు కొక్కెర తెగులు. కోడి తూలుతుంది. నోరు తెరిచి గాలి పీలుస్తుంది. పచ్చగా పారుతుంది. కొన్నిటికి మెడ తిరిగిపోతుంది. వచ్చాక దీనికి మందు లేదు. రాకుండా టీకా ఉంది. పిల్లలు పుట్టిన వారం లోపల కంట్లో గానీ ముక్కులో గానీ ఒక చుక్క వేస్తారు. దాని పేరు లసోటా. రెండు నెలలకు రెక్క దగ్గర సూది వేస్తారు. టీకా మందు చల్లగా ఉండాలి, ఐసులో పెట్టి తేవాలి. ఒక సీసా చాలా కోళ్లకు వస్తుంది. అందుకని వీధిలో ఆడవాళ్లంతా ఒక రోజు అనుకుని వేయించుకుంటే మేలు.

సంక్రాంతికి కోళ్లు ఊళ్లు తిరుగుతాయి. సంతలో కొన్న కోడి, చుట్టాలు తెచ్చిన కోడి తెగులును వెంట తేవచ్చు. కొత్త కోడిని రెండు వారాలు విడిగా కట్టాలి.

చలికాలంలో కొల్లేటికి దూరదేశాల పక్షులు వస్తాయి. కొన్ని నీటి పక్షుల్లో బర్డ్ ఫ్లూ పురుగు ఉన్నా, జబ్బు పైకి కనిపించదు. వాటి రెట్ట పడిన నీళ్లు తాగితే కోళ్లకు అంటుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో ఈ జబ్బు తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బయటపడింది. గుండుగొలనుకు దగ్గరలోని బాదంపూడిలో కూడా కనిపించింది. పాపం, పక్షుల్ని తరిమి లాభం లేదు. కోళ్లకు నీళ్లూ మేతా ఇంటి దగ్గరే పెట్టాలి. చెరువు గట్టుకు వదలకూడదు.

ఉన్నట్టుండి కోళ్లు వరసగా చస్తే దాచకూడదు. చచ్చిన కోడిని వండకూడదు, అమ్మకూడదు, కాలవలో పారెయ్యకూడదు. ఒట్టి చేత్తో ముట్టకూడదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. వెంటనే పశువుల డాక్టరుకు చెప్పాలి. 1962 నంబరుకు ఫోను చేసినా పశువైద్యం బండి వస్తుంది. డాక్టరు చూశాక లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ తర్వాత ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే ఆసుపత్రిలో కోళ్లు చచ్చిన సంగతి కూడా చెప్పాలి.