శిష్యత్వ తర్ఫీదులో లేని పాఠం

1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి కొత్తగూడ, కొండాపూర్, హఫీజ్‌పేట, గచ్చిబౌలి చుట్టుపక్కలకు ఊళ్ల నుంచి జనం వస్తూనే ఉన్నారు. ల్యాప్‌టాప్ బ్యాగుతో వచ్చినవాళ్లున్నారు. అపార్ట్‌మెంట్లకు కాపలా కాయడానికి, ఇళ్లలో పని చేయడానికి, క్యాబ్ నడపడానికి వచ్చినవాళ్లున్నారు. రెండు వర్గాల్లోనూ మాలపేటల నుంచి, మాదిగపేటల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలున్నాయి. వాళ్లతోపాటే వాళ్ల సంఘాలూ వచ్చాయి. కొన్ని అద్దె హాళ్లలో, కొన్ని మేడ మీది గదుల్లో, కొన్ని ఇళ్లలోనే నడుస్తున్నాయి.

ఇలాంటి సంఘాల్లో తరచుగా వినబడే మాట శిష్యత్వ తర్ఫీదు. ఎక్కువగా మగవాళ్ల కోసం, నెలలు కాదు ఏళ్ల తరబడి సాగే శిక్షణ ఇది. ఇది మతం లోపలి వ్యవహారం కదా, హక్కుల ఉద్యమానికి దీనితో పనేమిటని కొందరు అడుగుతారు. పేటల్లో నాయకులు ఎక్కడ తయారవుతారు, తయారయ్యాక వాళ్లకు ఏం జరుగుతుంది అన్నది మన ప్రశ్నే. అందుకే దీన్ని వివరంగా చూద్దాం.

ఏమిటీ తర్ఫీదు?

ఒక పెద్ద, అయిదారుగురు మగవాళ్లు. వారానికోసారి కూడిక. బైబిలు చదవడం, ప్రార్థన, భార్యాపిల్లలతో నడవడి, తాగుడు, అప్పు, సంపాదన లెక్క, అన్నీ మాట్లాడుకుంటారు. ఏడాదో రెండేళ్లో గడిచాక ఒక్కొక్కరూ మరో అయిదారుగురిని కూర్చోబెట్టి నేర్పాలి. నేర్చుకున్నది నమ్మకమైన వాళ్లకు అప్పగించాలి, వాళ్లు ఇంకొకరికి నేర్పాలి అని తిమోతికి పౌలు రాసిన ఉత్తరంలో ఉన్న ఆలోచనే దీనికి మూలం. మూడు రోజుల సెమినారుకూ దీనికీ తేడా అదే. ఇక్కడ పాఠం కంటే మనిషి వెంట మనిషి నడవడం ముఖ్యం.

పాస్టరు కావడానికి వేరే దారీ ఉంది. ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ 1964లో రాజమండ్రిలో మొదలై, 1973లో హైదరాబాద్‌కు వచ్చింది. అలాంటి చోట డిగ్రీ చదవాలంటే పని మానుకుని ఏళ్లు కేటాయించాలి. రాత్రి డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డుకు అది కుదరదు. అతనికి అందుబాటులో ఉన్న నాయకత్వ బడి సాయంత్రం కూడిక ఒక్కటే.

పేటలో మొదలైన బడి

తెలుగు నేల మీద ఈ పద్ధతి ఐటీ కంపెనీలతో రాలేదు. 1866లో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవాడు. అంతకుముందే యోగమార్గంలో గురువుగా పేరున్నవాడు. తన బంధువర్గంలో, తోళ్ల బేరానికి తిరిగిన దారుల్లో అతనే కొత్త విశ్వాసాన్ని తీసుకెళ్లాడు. దొరలు వచ్చి మార్చేశారనే కథలో పేరయ్య లాంటి వాళ్లు కనబడరు. నిజానికి ఊరూరా తిరిగి సంఘాలను కట్టినవాళ్లలో ఎక్కువమంది పేటల మనుషులే.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చిన కూలీల మధ్య మేస్త్రీలుగా నిలబడింది ఈ తెలుగు బోధకులే. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలు ఇచ్చింది కూడా ఆరుగురు తెలుగు బోధకులే. గుడి గడప తొక్కనివ్వని మనుషుల చేతుల మీదుగా ఆ కార్యం జరగడం అప్పట్లో చిన్న సంగతి కాదు.

దోర్నకల్‌లో వి.ఎస్. అజరయ్య ఇదే పనిని వ్యవస్థగా మార్చారు. 1910లో ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల పెత్తనాన్ని ఎత్తిచూపి, తమకు కావలసింది స్నేహమని నిలబడి అడిగినవాడు ఆయన. 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. గ్రామ ఉపాధ్యాయుడే బోధకుడు. పగలు కూలికి వెళ్లేవాళ్లకు రాత్రి బడి. ఉపాధ్యాయుల భార్యలకూ దోర్నకల్‌లో శిక్షణ ఉండేది. ఆ సంగతి తర్వాత తరాలు మర్చిపోయాయి.

ఈ తర్ఫీదు దళితులకు ఇచ్చింది ఏమిటంటే అక్షరం, నలుగురిలో నిలబడి మాట్లాడే గొంతు, సభ నడిపే పద్ధతి, లెక్క రాసే అలవాటు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దాడుల తర్వాత లేచిన ఉద్యమంలో ఆ గొంతుల పాత్ర ఉంది. రెండుచోట్లా బాధిత కుటుంబాల్లో క్రైస్తవులు ఉన్నారు.

వదిలేసిన పాఠాలు

కానీ ఆ బడి ఇవ్వనిదీ ఉంది. మిషన్ల విద్యను, వైద్యాన్ని గుర్తిస్తూనే, మతం మారిన అంటరానివాళ్ల మధ్య కులాన్ని క్రైస్తవం తొలగించలేకపోయిందనీ, తమపై జరిగే అన్యాయం మీద వాళ్లలో ఉద్యమం లేకపోయిందనీ అంబేద్కర్ విమర్శించాడు. ఆ విమర్శ ఇవాళ్టి తర్ఫీదుకూ వర్తిస్తుంది. కోపాన్ని ఎలా అణచుకోవాలో నేర్పుతారు. కోపం రావాల్సిన చోట ఏం చేయాలో నేర్పరు. అద్దె ఇంటికి వెళ్తే ఇంటిపేరు, ఊరు, తినే తిండి అడిగి కులం ఆరా తీస్తారు. ఆఫీసులో రిజర్వేషన్ల మీద జోకులు వేస్తారు. ఆ మాటలు విన్న యువకుడికి సహనం మీద వాక్యం దొరుకుతుంది, అడిగే మాట దొరకదు.

రెండోది, సంఘం లోపలి కులం. మాల సంఘం, మాదిగ సంఘం అని చెప్పకుండానే తెలిసిపోయే చోట్లున్నాయి. పెళ్లి మాటల దగ్గర క్రీస్తులో అందరం ఒకటే అన్నది ఆగిపోతుంది. పైస్థాయికి చేరడానికి పట్టిన కాలమూ చూడాలి. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్‌గా 2000లో మరంపూడి జోజి వచ్చారు. దేశంలో ఆ హోదా పొందిన మొదటి దళితుడు ఆయనే. అదే పీఠం నుంచి పూల ఆంథోనీ 2022 ఆగస్టులో మొదటి దళిత కార్డినల్ అయ్యారు. దళితులే అధికంగా ఉన్న సంఘంలో ఇది ఇంత ఆలస్యం కావడం ఎందుకో ఏ తర్ఫీదు పుస్తకమూ అడగదు.

మూడోది, ఆడవాళ్లు. మేము చూసిన చాలా సంఘాల్లో కూర్చునేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. నాయకత్వ శిక్షణ మాత్రం మగవాళ్లకు. తాగుడు మాన్పించి, ఇంట్లో చెయ్యెత్తకుండా చేసిన తర్ఫీదు విలువను మేము తక్కువ చేయం. దాని ఫలితం ముందుగా అందేది ఆ ఇంటి ఆడవాళ్లకే. కానీ భర్తను మంచి యజమానిగా తయారుచేయడం, భార్యను సమానురాలిగా చూడడం ఒకటి కావు. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్ తెలుగు మనిషే. దారి ఉందని తెలిశాక కూడా తలుపు మూసి ఉంచడానికి సాకు లేదు.

తర్ఫీదు ముగిశాక వచ్చే చిక్కు

అన్నిటికంటే ముఖ్యమైనది చట్టం. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాలు) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మతంతో సంబంధం లేకుండా హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. కేంద్రం దాన్ని అమలు చేయలేదు. 2022లో మళ్లీ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. తెలంగాణలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీలోకి వస్తారు. ఆ గ్రూపు వాటా 1 శాతం.

2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు దీన్ని ఇంకా పదునుగా చూపించింది. కులం పేరుతో దూషించి కొట్టారని ఒక పాస్టరు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టారు. ఆయన ఏళ్లుగా పాస్టరుగా పని చేస్తున్నారు కనుక ఎస్సీ హోదా లేదని, కుల ధ్రువపత్రం ఉన్నా ఆ చట్టం వర్తించదని కోర్టు కేసు కొట్టేసింది. తిట్టేవాడికి అతని కులం గుర్తుంది. చట్టానికి మాత్రం అతని మతమే గుర్తుంది.

దీన్ని తర్ఫీదుతో కలిపి చూడండి. కూడికలో వెనక కూర్చున్న మనిషి మతం ఏమిటో బయట ఎవరికీ పట్టకపోవచ్చు. తర్ఫీదు పూర్తిచేసి నలుగురి ముందు నిలబడి పాస్టరుగా పేరు తెచ్చుకున్నవాడి మతానికి సాక్ష్యం అతని పరిచర్యే. అంటే నాయకుడిగా ఎదిగేకొద్దీ రక్షణ తగ్గుతుంది. దాడి జరిగితే మొదట లక్ష్యమయ్యేదీ అతనే. నాయకత్వ శిక్షణ ఇస్తున్నామనేవాళ్లు ఈ సంగతి చెప్పకుండా యువకులను ముందుకు పంపడం న్యాయం కాదు.

చేయగలిగింది

పద్ధతి పాతదే ఉండనివ్వండి, పాఠాలు చేర్చండి. తర్ఫీదులో నాలుగు వారాలు చాలు. ఒక వారం 1950 ఉత్తర్వు, కుల ధ్రువపత్రం, బీసీ-సీ. ఒక వారం దాడి జరిగితే ఏం చేయాలో: అట్రాసిటీ చట్టం వర్తించకపోయినా సాధారణ నేర చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు పోదు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆదాయ పరిమితి లోపు ఉన్నవాళ్లకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. ఒక వారం పేరయ్య నుంచి చుండూరు వరకు మన చరిత్ర. ఒక వారం సంఘంలో మాల, మాదిగ, ఆడ, మగ తేడాల మీద మనసు విప్పి మాట. ఆ కూడికలో ఆడవాళ్లు కూర్చోవాలి, నడపాలి కూడా.

ఇందులో విద్యార్థులకు, కార్యకర్తలకు పని ఉంది. చర్చిలో ఉన్నవాళ్లు ఉద్యమానికి దూరమని అనుకుని మనం ఆ మేడ మీది గదుల మెట్లు ఎక్కడం మానేశాం. న్యాయవాదిని వెంటబెట్టుకుని వెళ్లి, పాస్టరు అయ్యగారిని ఒక సాయంత్రం అడగండి. వారానికోసారి తప్పకుండా కూడే అయిదారుగురు మనుషులు మన సంఘాల్లో ఎన్నిచోట్ల ఉన్నారు? అక్కడ వాళ్లు ఇప్పటికే కూర్చుని ఉన్నారు.