తనంతట గేరు మార్చుకొను కారు: లోపములు కనుగొనుట ఎట్లు?

చిత్తూరు జిల్లాలోని పూతలపట్టు ఒక ముఖ్యమైన కూడలి. కడప, పీలేరు మీదుగా చిత్తూరు పోవు రహదారి నుండి తిరుపతి దారి ఇక్కడ చీలుచున్నది. ఈ దారిన తిరుమలకు పోవు కార్లలో క్లచ్చి పెడలు లేనివి, గేర్లను తమంతట తామే మార్చుకొనునవి నానాటికి ఎక్కువగుచున్నవి. అట్టి కారులో ఇంజను గట్టిగా మ్రోగుచున్నను బండి సాగకపోయినచో, "గేరుబాక్సు పోయినది, మార్చవలె" అని తేల్చివేయుట సులభము. కాని గేరుబాక్సు మార్చుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. ఒక్కొక్కప్పుడు అసలు లోపము ఆయిలు తగ్గుటయో, ఒక చిన్న సీలు అరుగుటయో కావచ్చును. కనుక కారణమును వరుసగా వెదకు పద్ధతి తెలిసియుండుట అవసరము.

లోపల జరుగునది ఏమి?

రెండు విద్యుత్తు పంకాలను ఎదురెదురుగా ఉంచి, ఒకదానిని నడిపినచో ఆ గాలికి రెండవది కూడ తిరుగును. గాలికి బదులు ఆయిలును వాడి, రెండింటిని ఒకే పెట్టెలో బిగించినచో అదియే ద్రవసంధానము. ఇంజను త్రిప్పు చక్రము ఆయిలును విసరును. ఎదుటి చక్రము ఆ తాకిడికి తిరిగి బండిని నడుపును. రెండింటి నడుమ ఆయిలు దిశను మార్చు మూడవ చక్రమును అమర్చినచో, బండి కదులు సమయమున త్రిప్పు బలము సుమారు రెండింతలు వరకు పెరుగును. దీనినే టార్కు కన్వర్టరు అందురు. జర్మను ఇంజనీరు హెర్మన్ ఫెట్టింగర్ 1905లో దీనిని ఓడల కొరకు కనిపెట్టెను. 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్లలో ద్రవసంధానముతో కూడిన ఆటోమేటిక్ గేరుబాక్సు అమెరికాలో అమ్మకమునకు వచ్చెను.

కన్వర్టరు వెనుక గ్రహచక్రములు అను పళ్లచక్రముల కూటమి యుండును. నడుమ సూర్యచక్రము, దాని చుట్టును చిన్న గ్రహచక్రములు, వెలుపల వలయచక్రము. వీనిలో ఒకదానిని కదలకుండ పట్టి, మరియొకదానిని త్రిప్పినచో ఒక నిష్పత్తి వచ్చును. పట్టునది మార్చినచో నిష్పత్తి మారును. ఈ పట్టుటయు విడుచుటయు చేయునవి క్లచ్చి ప్లేట్లు. వానిని అదుమునది ఆయిలు పీడనము. ఆ పీడనమును పుట్టించునది ఇంజనుచే తిరుగు పంపు. ఏ క్లచ్చికి ఎప్పుడు ఆయిలు పంపవలెనో కంప్యూటరు నిర్ణయించి, సోలినాయిడ్ కవాటములను తెరచి మూయుచుండును. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారపు పికప్ వాహనములలో కొన్నిటికి ఇట్టి గేరుబాక్సు గలదు.

మన దేశమున 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏ.ఎం.టి. పద్ధతి వేరు. అందులో మామూలు క్లచ్చి, మామూలు గేర్లే యుండును. వానిని మనిషికి బదులు యంత్రము కదల్చును. దాని లోపములు చాలవరకు క్లచ్చి అరుగుదలకు, కదల్చు యంత్రమునకు సంబంధించినవి. కావున కారులో నున్నది ఏ తరహా గేరుబాక్సు అనునదే మెకానిక్కు తెలిసికొనవలసిన మొదటి సంగతి.

ఆయిలు చెప్పు సాక్ష్యము

రెండవది ఆయిలు పరీక్ష. తయారీదారు చెప్పిన వేడిలో, చెప్పిన విధముగా, సమతలముపై బండిని నిలిపి మట్టము చూడవలెను. ఆయిలు తగ్గినచో పంపు గాలిని పీల్చును. గాలి నలుగును గాని ఆయిలు నలుగదు. అందుచే పీడనము పడిపోయి క్లచ్చి జారును. తగ్గిన ఆయిలును పోసినంత మాత్రమున చాలదు. అది ఎచ్చట కారుచున్నదో కూడ చూడవలెను.

రంగును కూడ గమనించవలెను. సాధారణముగా క్రొత్త ఆయిలు ఎర్రగా నుండును. అది నల్లబడి మాడు వాసన వేసినచో క్లచ్చి ప్లేట్లు వేడెక్కి కాలినవని గుర్తు. పాలు కలిపినట్లు లేత గులాబి రంగుగా మారినచో నీరు కలిసినది. రేడియేటరులోని ఆయిలు శీతలకము పగిలియుండవచ్చును. అడుగు పళ్లెములోని అయస్కాంతముపై సన్నని బూడిదరంగు పొడి కొంత యుండుట సహజము. మెరయు లోహపు పెచ్చులున్నచో లోపలి భాగములు అరిగిపోవుచున్నవి.

తర్వాత కంప్యూటరులో నమోదైన లోపసంఖ్యలను చదువవలెను. పి 0700 అను సంఖ్య గేరుబాక్సు నియంత్రణలో ఏదో లోపము కలిగినదని మాత్రమే చెప్పును. ఏ భాగము చెడినదో అది చెప్పదు. కనుక సంఖ్యను చూచి వెంటనే భాగము కొనుట తగదు.

తర్కముతో లోపమును బంధించుట

ఒక మూడు గేర్ల పెట్టెను ఊహింపుడు. 'క' క్లచ్చి ముందుకు పోవు మూడు గేర్లలోను పట్టును. 'ఖ' క్లచ్చి మూడవ గేరులోను, రివర్సులోను పట్టును. రివర్సు బాగుగా నుండి ముందుకు పోవు గేర్లన్నియు జారినచో అనుమానము 'క' మీదికి పోవును. ఒకటి, రెండు బాగుగా నుండి, మూడవ గేరును రివర్సును జారినచో 'ఖ' దోషి. అన్ని గేర్లును జారినచో అన్నిటికి ఉమ్మడియైనది చెడినదన్నమాట: ఆయిలు, ఫిల్టరు, పంపు లేక కన్వర్టరు.

అయినను 'ఖ' ప్లేట్లే అరిగినవని ఇంకను తేలలేదు. ఇచ్చట పీడనమాపకము అవసరము. పీడనము సరిగా నుండియు క్లచ్చి జారినచో ప్లేట్లు అరిగినవి. పీడనమే తక్కువైనచో సీలు, కవాటము లేక సోలినాయిడ్ చెడినది. మొదటిదానికి పెట్టెను విప్పవలెను. సోలినాయిడ్ మాత్రము అనేక కార్లలో అడుగు పళ్లెము తీసి మార్చదగినది. మరమ్మతు ముగిసిన పిమ్మట తయారీదారు చెప్పిన ఆయిలునే పోసి, కంప్యూటరుకు క్రొత్త అమరికను నేర్పవలెను.

ఘాటు రోడ్డు పరీక్ష

తిరుపతి నుండి తిరుమలకు ఎత్తు సుమారు 700 మీటర్లు. ఎక్కునప్పుడు కన్వర్టరులో ఆయిలు జారుట వలన వేడి పుట్టును. ఇంజను ఇచ్చు 30 కిలోవాట్లలో ఐదవ వంతు జారుడుకు పోయినను 6 కిలోవాట్లు వేడిగా మారును. ఇది 2 కిలోవాట్ల హీటర్లు మూడు కలిసి ఇచ్చు వేడి. శీతలకము మూసికొనిపోయిన కారుకు ఇక్కడనే ప్రమాదము.

దిగునప్పుడు సమస్య వేరు. 1,500 కిలోల కారు 700 మీటర్లు దిగునప్పుడు సుమారు ఒక కోటి జౌళ్ల శక్తి విడుదలయగును. ఆ వేడితో 35 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరగు స్థితికి తేవచ్చును. ఇదంతయు బ్రేకులపైననే పడినచో అవి కాగి పట్టు తప్పును. దిగుటకు ఇప్పుడు వాడుచున్న, 1944లో తెరచిన మొదటి ఘాటు రోడ్డు మలుపులలో అట్లు జరుగుట ప్రాణాంతకము. అందుచే లీవరును తక్కువ గేరుకు మార్చి, ఇంజను నిరోధమునే బ్రేకుగా వాడవలెను. న్యూట్రలులో దిగరాదు.

బ్యాటరీ దిగిన ఇట్టి కారును త్రోసి స్టార్టు చేయుటకు సాధారణముగా వీలుపడదు. ఇంజను తిరుగనిదే పంపు తిరుగదు. పీడనము లేనిదే క్లచ్చి పట్టదు. చక్రములు నేలపై నుండగా దూరము లాగికొనిపోయినచో లోపలి భాగములు ఆయిలు అందక పాడగును. నడుపు చక్రములను పైకెత్తియో, బండిపై ఎక్కించియో తరలించుట క్షేమము.

ఉపాధ్యాయులు పైన చెప్పిన క్లచ్చిల పట్టికను నల్లబల్లపై వ్రాసి, ఒక్కొక్క లక్షణమును చెప్పి, చెడిన భాగము ఏదియో విద్యార్థులచే కనుగొనజేయవచ్చును. పళ్లచక్రమును చేత పట్టకుండనే, సాక్ష్యమును బట్టి కారణమును చేరుట వారికి అలవడును.